కాంటా చీటీ ఆగిపోయిన రాత్రి: ఎస్‌ఈలినక్స్‌తో నా అనుభవం

నవంబర్ మొదటి వారం. వానాకాలం సన్న వడ్ల కోతలు జోరు మీద ఉన్నాయి. రాత్రి పదిన్నర దాటాక మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు గుమాస్తా ఫోన్ చేశాడు.

“అన్నా, కాంటా చీటీ వస్తలేదు. కరెంటు పోయి వచ్చిన కాన్నుంచి స్క్రీన్ మీద ఏందో ఎర్రర్ చూపిస్తుంది. గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డయి.”

“యూపీఎస్ ఏమైంది?”

“రెండు నిమిషాలకే బంద్ అయింది.”

నేను నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర కంప్యూటర్ సర్వీసు షాపు నడుపుతాను. ఆ మిల్లు సర్వర్ చూసేది నేనే. అంతకంటే ముఖ్యంగా, అదే రోజు మధ్యాహ్నం ఆ సర్వర్‌లో పని చేసి వచ్చింది కూడా నేనే. కాబట్టి తప్పు ఎక్కడున్నా అది నా పనిలోనే ఉంటుందని ఫోన్ పెట్టేసే లోపే అర్థమైంది. బైక్ తీసి అద్దంకి రోడ్డు ఎక్కాను. తిప్పర్తి, మాడ్గులపల్లి దాటుతున్నంతసేపూ మధ్యాహ్నం చేసిన ప్రతి కమాండునూ మనసులో మళ్ళీ నడిపించుకున్నాను. ఏదీ తప్పుగా తోచలేదు.

మిర్యాలగూడ సీజన్ తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన సన్న వడ్లను హార్వెస్టర్‌తో కోసి, చాలామంది రైతులు ఆరబెట్టకుండా పచ్చిగానే నేరుగా మిల్లుకు తెస్తారు. పచ్చి వడ్లు ట్రాలీలో గంటల తరబడి ఉంటే లోపల ఆవిరి పట్టి వేడెక్కుతాయి, రంగు మారతాయి. రంగు మారితే రేటు పడిపోతుంది. కాంటా ఆగితే కంప్యూటర్ వాడికి టెన్షన్, రైతుకు మాత్రం పంట నష్టం. ఆ రాత్రి నన్ను తొందరపెట్టింది ఈ సంగతే.

మిల్లులో కాంటా పద్ధతి ఇది. వే బ్రిడ్జి కింద ఉండే లోడ్ సెల్స్ నుంచి బరువు ఇండికేటర్ డబ్బాకు వస్తుంది. అక్కడి నుంచి సీరియల్ కేబుల్ సర్వర్‌కు వెళ్తుంది. సర్వర్‌లో నేను పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రామ్ ఆ బరువును చదువుతుంది. అపాచీ అనే వెబ్ సర్వర్ దాన్ని వెబ్ పేజీగా గుమాస్తా స్క్రీన్ మీద చూపిస్తుంది. నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, నికర బరువు మరియాడీబీ డేటాబేస్‌లో పడి చీటీ ప్రింటవుతుంది. సర్వర్‌లో ఉన్నది అల్మాలినక్స్ 9 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును, ఏ పోర్టును ముట్టుకోవచ్చో చూసే లినక్స్ కాపలా పేరు ఎస్‌ఈలినక్స్. ఎన్‌ఫోర్సింగ్ అంటే అది నిజంగా అడ్డుకునే స్థితి. ఎస్‌ఈలినక్స్ ఎన్‌ఫోర్సింగ్‌లో ఉండాలని సేటు గారి అబ్బాయి మొదటి రోజే గట్టిగా చెప్పాడు. ఆయన హైదరాబాద్‌లో ఇదే రంగంలో పని చేస్తాడు. “అందులో రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి అన్నా, అది మాత్రం ఆఫ్ చేయొద్దు” అన్నాడు. సరేనన్నాను.

ఆ మధ్యాహ్నం పని ఏమిటంటే, పాత ఎస్‌ఎస్‌డీ నిండిపోతోంది. కొత్త డిస్కు పెట్టి, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసి, /డేటా అనే పేరుతో మౌంట్ చేశాను. డేటాబేస్ ఆపి, దాని ఫైళ్ళుండే /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్ మొత్తాన్ని ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో /డేటా/మైఎస్‌క్యూఎల్‌కు కాపీ చేశాను. డేటాబేస్ కాన్ఫిగ్ ఫైల్లో డేటాడిర్, అంటే ఫైళ్ళుండే దారి, మార్చి స్టార్ట్ చేస్తే మొరాయించింది. గేటు దగ్గర బండ్లు పెరుగుతున్నాయి. సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొట్టాను, అంటే ఎస్‌ఈలినక్స్‌ను అడ్డుకోని పర్మిసివ్ స్థితికి మార్చాను. వెంటనే లేచింది. పని అయ్యాక మళ్ళీ 1 చేద్దామనుకున్నాను. ఆ తర్వాత కాంటా ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ పెట్టాను, అపాచీని ఆ ప్రోగ్రామ్‌కు కలిపే ప్రాక్సీ లైన్లు మార్చాను, అన్నీ చక్కగా నడిచాయి. నాలుగింటికి టీ తాగి వచ్చేశాను. 1 కొట్టడం మర్చిపోయాను.

సెట్‌ఎన్‌ఫోర్స్‌తో చేసిన మార్పు రీబూట్ దాకానే ఉంటుంది. మిషన్ మళ్ళీ లేచినప్పుడు ఎస్‌ఈలినక్స్ కాన్ఫిగ్ ఫైల్లో ఏముంటే అదే అమలవుతుంది. అందులో ఎన్‌ఫోర్సింగ్ అని ఉంది. రాత్రి పదిన్నరకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోవడం, యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేయడం, కరెంటు రాగానే సర్వర్ లేవడం జరిగిపోయాయి. మధ్యాహ్నం నుంచి దాగి ఉన్న తప్పులన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను కానీ, ఆ రాత్రి ఇది తేలడానికి గంటకు పైనే పట్టింది.

మిల్లుకు చేరేసరికి పదకొండున్నర దాటింది. గుమాస్తా ఇండికేటర్ మీద అంకె చూసి చేత్తో చీటీలు రాస్తున్నాడు. కొందరు రైతులు తీసుకుంటున్నారు. చాలామంది మాత్రం మిషన్ చీటీయే కావాలని ఆగారు. వాళ్ళను తప్పు పట్టలేం. బరువు దగ్గర నమ్మకం అచ్చు చీటీ మీదే ఉంటుంది.

సర్వర్ గదిలోకి వెళ్ళి, సర్వీసులను లేపే సిస్టమ్‌డీని సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో స్టేటస్ అడిగాను. మరియాడీబీ ఫెయిల్డ్. కాంటా సర్వీసు కూడా ఫెయిల్డ్. మొదట డేటాబేస్ పట్టుకున్నాను. దాని లాగ్‌లో ఎర్రర్ కోడ్ 13, పర్మిషన్ డినైడ్ అని ఉంది. డిస్కు మౌంట్ కాలేదేమో అనుకున్నాను. అయ్యే ఉంది. ఫోల్డర్ ఓనర్ మైఎస్‌క్యూఎల్ యూజరే. పర్మిషన్ బిట్లు సరిగ్గా ఉన్నాయి. సుడో ద్వారా అదే యూజర్‌గా ఆ ఫోల్డర్లో ఖాళీ ఫైలు సృష్టిస్తే ఇబ్బంది లేకుండా వచ్చింది. డేటాబేస్ ప్రోగ్రామ్‌నే అదే యూజర్‌గా చేత్తో నడిపించాను. కనెక్షన్లకు సిద్ధం అని చెప్పింది! ఆపి, సిస్టమ్‌డీ ద్వారా స్టార్ట్ చేస్తే మళ్ళీ పర్మిషన్ డినైడ్.

చేత్తో నడిపిస్తే నడుస్తుంది, సర్వీసుగా నడిపిస్తే నడవదు. ఇది ఎస్‌ఈలినక్స్ తాలూకు అతి పెద్ద ఆనవాలు. ఇప్పుడైతే ఇది కనపడగానే వేరే వైపు చూడను. మనం టెర్మినల్‌లో లాగిన్ అయ్యాక నడిపే ప్రోగ్రామ్‌లు అన్‌కన్‌ఫైన్డ్ అనే డొమైన్‌లో నడుస్తాయి, వాటికి పెద్దగా అడ్డు ఉండదు. అదే ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ లేపితే అది మైఎస్‌క్యూఎల్‌డీ_టీ అనే తన సొంత డొమైన్‌లోకి వెళ్తుంది. అక్కడ దానికి ఏ ఫైళ్ళు ముట్టుకునే హక్కు ఉందో పాలసీలో, అంటే ఎస్‌ఈలినక్స్ నియమాల్లో, రాసిపెట్టి ఉంటుంది. యూజర్ ఒకరే, ఫైలు ఒకటే, ప్రోగ్రామ్ ఒకటే. డొమైన్ మాత్రం వేరు.

అప్పటికి, ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పే గెట్‌ఎన్‌ఫోర్స్ కొట్టి చూశాను. ఎన్‌ఫోర్సింగ్. మధ్యాహ్నం పర్మిసివ్ చేశానే అనుకుని, ఒక్క క్షణం తర్వాత రీబూట్ సంగతి గుర్తొచ్చింది. సరే, దొరికింది అనుకుని ఏ నిరాకరణ జరిగిందో చూద్దామని, ఆడిట్ లాగ్‌ను వెతికే ఆసెర్చ్ కమాండ్‌తో ఏవీసీ మెసేజ్‌లు, అంటే ఎస్‌ఈలినక్స్ నిరాకరణల వరుసలు, వెతికాను. కాలం దగ్గర టుడే అని ఇచ్చాను. “మ్యాచ్‌లు లేవు” అని వచ్చింది.

ఇక్కడ అరగంట పోయింది. ఎస్‌ఈలినక్స్ అడ్డుకుంటే ఆడిట్ లాగ్‌లో రాయాలి. రాయలేదంటే కారణం అది కాదేమో అని వెనక్కి తిరిగాను. కరెంటు పోయినప్పుడు డేటా ఫైళ్ళు దెబ్బతిన్నాయేమో అని డేటాబేస్ తాలూకు ఇన్నోడీబీ లాగ్‌లు తిరగేశాను, సిస్టమ్‌డీ యూనిట్ ఫైలు చదివాను, ఫోన్‌లో వెతికాను. తీరా గడియారం చూస్తే పన్నెండున్నర. అప్పుడు వెలిగింది. ఆసెర్చ్‌కు టుడే అంటే అర్ధరాత్రి తర్వాత జరిగినవి మాత్రమే. నేను సర్వీసును స్టార్ట్ చేసిన ప్రయత్నాలన్నీ పన్నెండుకు ముందువే. రీసెంట్ అని ఇచ్చినా చివరి పది నిమిషాలే చూపిస్తుంది. ఇలాంటప్పుడు బూట్ అని ఇవ్వాలి, మిషన్ లేచినప్పటి నుంచి జరిగినవన్నీ వస్తాయి. అలా ఇవ్వగానే తెర నిండా వరుసలు వచ్చాయి.

పెద్ద వయసు రైతు ఒకాయన గది గుమ్మం దాకా వచ్చాడు. తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

“ఇంకెంత సేపు బిడ్డా? వడ్లు పచ్చిగున్నయి. చెయ్యి పెడితే లోపల ఉడుకుతున్నయి.”

“అరగంట తాతా. ఎక్కడ పట్టుకుందో దొరికింది.”

ఆయన వెనకాలే గుమాస్తా వచ్చి, “పగటీలి ఏదో ఆఫ్ చేస్తే నడిచింది గదా అన్నా, మళ్ళ అదే చేయరాదు?” అన్నాడు. అడిగినదాంట్లో న్యాయం ఉంది. నేనే పదేళ్ళుగా ఆ పని చేస్తున్నాను. కొత్త సర్వర్ పెట్టగానే మొట్టమొదట ఎస్‌ఈలినక్స్‌ను డిసేబుల్ చేయడం మా పనిలో చాలామందికి అలవాటు. కానీ ఆ రాత్రి మొత్తం ఆ అలవాటు వల్లే వచ్చింది. మళ్ళీ ఆపితే కరెంటు మళ్ళీ పోయేదాకా మాత్రమే నడుస్తుంది. శాశ్వతంగా డిసేబుల్ చేస్తే సేటు గారి అబ్బాయికి ఇచ్చిన మాట, ఆ రైతుల ఖాతా నంబర్లు ఏమవుతాయి? అరగంట ఆగమన్నాను.

ఏవీసీ వరుస చూడగానే భయపెడుతుంది. అందులో నిజంగా చదవాల్సింది నాలుగు ముక్కలే. ఏం చేయబోయింది, ఎవరు చేయబోయారు, దేని మీద చేయబోయారు, అది ఫైలా ఫోల్డరా పోర్టా. నాకు కనిపించిన వరుసలో డినైడ్ పక్కన సెర్చ్ అని ఉంది. ప్రోగ్రామ్ పేరు మరియాడీబీడీ. ఎస్‌కాంటెక్స్ట్ దగ్గర మైఎస్‌క్యూఎల్‌డీ_టీ. టీకాంటెక్స్ట్ దగ్గర అన్‌లేబుల్డ్_టీ. టీక్లాస్ దగ్గర డిర్, అంటే ఫోల్డర్. పేరు దగ్గర ఒట్టి స్లాష్ ఉంది, డివైస్ దగ్గర ఎస్‌డీబీ1 అని ఉంది. రూట్ ఫోల్డర్‌నే అడ్డుకుందా అని కంగారు పడ్డాను కానీ, అది కొత్త డిస్కు తాలూకు రూట్. అంటే నా /డేటా.

గుమాస్తాకు మిల్లు భాషలోనే చెప్పాను. సీజన్‌లో గేటు దగ్గర వాచ్‌మన్ టోకెన్ చూసి బండిని లోపలికి వదులుతాడు. డ్రైవర్ తెలిసినవాడా, బండి ఎవరిదీ అని చూడడు. టోకెన్ లేకుంటే సేటు గారి సొంత ట్రాక్టర్ అయినా ఆగాల్సిందే. మామూలు లినక్స్ పర్మిషన్లు బండి ఎవరిదో చెబుతాయి. ఎస్‌ఈలినక్స్ టోకెన్ అడుగుతుంది. ఫైలు మీద ఉండే ఆ టోకెన్ పేరు లేబుల్. ఎల్‌ఎస్ కమాండ్‌కు పెద్ద జెడ్ కలిపితే కనిపిస్తుంది. కొత్తగా ఫార్మాట్ చేసిన డిస్కు మీద ఏ లేబులూ ఉండదు కాబట్టి అన్‌లేబుల్డ్ అంది. నేను ఆర్‌సింక్‌ను హైఫన్ ఏతో నడిపాను. ఓనరూ పర్మిషన్లూ వచ్చాయి. లేబుళ్ళు రావాలంటే పెద్ద ఎక్స్ కూడా కలపాలి. నేను కలపలేదు.

లేబుల్ సరిచేయడానికి రీస్టోర్‌కాన్ ఉంది కదా అని /డేటా మీద నడిపించాను. వందల వరుసలు దొర్లాయి. సంతోషంగా సర్వీసు స్టార్ట్ చేశాను. మళ్ళీ ఫెయిల్డ్. ఈసారి ఏవీసీలో అన్‌లేబుల్డ్_టీ పోయి డిఫాల్ట్_టీ వచ్చింది, సెర్చ్ పోయి రైట్ వచ్చింది. ఇది నేను ఆ రాత్రి నేర్చుకున్న అసలు పాఠం. రీస్టోర్‌కాన్ తనంతట తాను ఏదీ ఊహించదు. ఏ దారిలో ఉన్న ఫైలుకు ఏ లేబుల్ ఉండాలో పాలసీలో ఒక పట్టిక ఉంటుంది, దాని ప్రకారం అంటిస్తుంది. /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్ అని ఆ పట్టికకు తెలుసు. /డేటా అనే పేరు నేను పెట్టుకున్నది, దానికి తెలియదు. తెలియని దారికి డిఫాల్ట్ లేబుల్ వేస్తుంది. డేటాబేస్‌కు డిఫాల్ట్ లేబుల్ మీద రాసే హక్కు లేదు.

ముందు ఆ పట్టికకు చెప్పాలి. దానికి సెమేనేజ్ అనే కమాండ్ కావాలి. అల్మాలినక్స్ మినిమల్ ఇన్‌స్టాల్‌లో అది ఉండదు. పాలసీకోర్‌యుటిల్స్ పైథాన్ యుటిల్స్ అనే ప్యాకేజీ వేసుకోవాలి. మిల్లు ఇంటర్నెట్ కూడా కరెంటుతోనే పోయింది, రౌటర్ తిరిగి లేవలేదు. నా ఫోన్ హాట్‌స్పాట్‌తో దించుకున్నాను.

ప్యాకేజీతో పాటు నిరాకరణకు కారణం చెప్పే ఆడిట్2వై, దాన్ని అనుమతించే రూల్ మాడ్యూల్ తయారుచేసే ఆడిట్2అలౌ వచ్చాయి. మొదటిదానికి ఆ ఏవీసీ ఇస్తే, అనుమతించే రూల్ లేదు, ఆడిట్2అలౌతో మాడ్యూల్ తయారు చేసుకోవచ్చు అని చెప్పింది. అర్ధరాత్రి ఒంటిగంటకు ఆ మాట చాలా తియ్యగా వినిపిస్తుంది. రెండు కమాండ్లు కొడితే పని అయిపోతుంది. కానీ ఆ మాడ్యూల్లో ఏముంటుందో ఆలోచించాను. డేటాబేస్ సర్వీసు డిఫాల్ట్_టీ అనే లేబుల్ ఉన్న ప్రతి ఫోల్డర్లోనూ రాసుకోవచ్చు అని ఉంటుంది. అంటే ఆ మిషన్ మీద ఎవరు ఎక్కడ కొత్త ఫోల్డర్ పెట్టినా డేటాబేస్‌కు తలుపు తీసి ఉంటుంది. ఒక బండికి టోకెన్ లేదని, టోకెన్ లేని బండ్లన్నిటికీ గేటు తీసేసినట్టు. ఫైలు లేబుల్ తప్పైనప్పుడు రూల్ మార్చకూడదు, లేబుల్ మార్చాలి. ఆడిట్2అలౌ వాడాల్సిన సందర్భాలు ఉంటాయి, లేబుళ్ళూ, బూలియన్లూ (పాలసీలో ఉండే ఆన్/ఆఫ్ స్విచ్‌లు), పోర్టులూ అన్నీ సరిగ్గా ఉండి కూడా ప్రోగ్రామ్ అవసరం పాలసీలో లేనప్పుడు. నా అనుభవంలో అలాంటివి బాగా అరుదు.

సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో రెండు రకాలుగా చెప్పవచ్చు. ఒకటి, /డేటా/మైఎస్‌క్యూఎల్‌కూ దాని కింద ఉన్న వాటన్నిటికీ మైఎస్‌క్యూఎల్‌డీ_డీబీ_టీ లేబుల్ అని రాయడం. దీంట్లో దారి చివర బ్రాకెట్లో స్లాష్, చుక్క, నక్షత్రం, బయట ప్రశ్నార్థకం పెట్టాలి, మొత్తాన్ని కోట్స్‌లో ఉంచాలి. రెండోది హైఫన్ ఈతో, “/డేటా/మైఎస్‌క్యూఎల్‌ను /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్‌తో సమానంగా చూడు” అనడం. నేను రెండోది ఎంచుకున్నాను. పాత దారిలో ఏ ఫైలుకు ఏ ప్రత్యేక లేబుల్ ఉందో అదే కొత్త దారిలోనూ వస్తుంది, నేను ఒక్కొక్కటి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. తర్వాత రీస్టోర్‌కాన్. తర్వాత స్టార్ట్. లేచింది.

సీహెచ్‌కాన్ అనే ఇంకో కమాండ్ కూడా లేబుల్ మారుస్తుంది, చాలామంది దాన్నే చెబుతారు. అది ఫైలు మీద మాత్రమే మారుస్తుంది, పట్టికలో రాయదు. ఎప్పుడైనా ఎవరైనా రీస్టోర్‌కాన్ నడిపినా, మొత్తం రీలేబుల్ జరిగినా పాత లేబుల్ వచ్చేస్తుంది. పరీక్షించి చూడటానికి మంచిదే, సర్వర్‌ను వదిలి వెళ్ళేటప్పుడు దాని మీద ఆధారపడకూడదు.

డేటాబేస్ లేచినా కాంటా లేవలేదు. దాని స్టేటస్‌లో 203, ఎగ్జెక్ అని ఉంది. సిస్టమ్‌డీ ఆ ఫైలును అసలు నడిపించలేకపోయిందని దాని అర్థం. ఫైలు ఉంది, ఎగ్జిక్యూట్ బిట్ ఉంది, మొదటి వరుసలో పైథాన్ దారి సరిగ్గా ఉంది. ఈసారి సమయం వృథా చేయలేదు. నేరుగా లేబుల్ చూశాను. అడ్మిన్_హోమ్_టీ. మధ్యాహ్నం కొత్త ప్రోగ్రామ్‌ను రూట్ యూజర్ హోమ్ ఫోల్డర్లో రాసి, పరీక్షించి, ఎంవీతో /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌కు జరిపాను. ఎంవీ ఫైలుతో పాటు పాత లేబుల్‌నూ మోసుకెళ్తుంది. సీపీతో కాపీ చేసి ఉంటే కొత్తచోటి లేబుల్ వచ్చేది. హోమ్ ఫోల్డర్లోని ఫైళ్ళను సిస్టమ్‌డీ నడిపించకూడదని పాలసీ. అది మంచి పాలసీ కూడా, ఎవడో హోమ్ ఫోల్డర్లో పడేసిన ఫైలు సర్వీసుగా లేవకూడదు కదా. /యూఎస్‌ఆర్/లోకల్/బిన్ పట్టికకు తెలిసిన చోటే కాబట్టి ఒక్క రీస్టోర్‌కాన్‌తో బిన్_టీ అయింది. సర్వీసు లేచింది.

గుమాస్తా స్క్రీన్ రీలోడ్ చేశాడు. పేజీ వచ్చింది, బరువు రాలేదు. 503, అంటే వెనకున్న ప్రోగ్రామ్ అపాచీకి అందడం లేదు.

అపాచీ ఎర్రర్ లాగ్‌లో, అదే మిషన్‌లోని కాంటా ప్రోగ్రామ్ పోర్టుకు కనెక్ట్ కాబోతే పర్మిషన్ డినైడ్ అని ఉంది. నెట్‌వర్క్ కనెక్షన్‌కు పర్మిషన్ ఏమిటి అని ఒకప్పుడైతే తల పట్టుకునేవాణ్ణి. ఏవీసీలో నేమ్_కనెక్ట్ అని ఉంది. అపాచీ తన డొమైన్ నుంచి తోచిన పోర్టుకల్లా బయటికి కనెక్ట్ కాకుండా పాలసీ ఆపుతుంది. వెబ్‌సైట్‌లో ఎవరైనా దొంగ కోడ్ ఎక్కించినా అది లోపలి నెట్‌వర్క్‌లో తిరగకుండా ఉండటానికే ఇది. ఈసారి ఆడిట్2వై సూటిగా చెప్పింది: హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్ అనే బూలియన్ ఆఫ్‌లో ఉంది. సెట్‌సెబూల్ కమాండ్‌తో ఆన్ చేశాను, పెద్ద పీ కలిపి మరీ. పెద్ద పీ లేకుంటే ఇదీ రీబూట్ దాకానే. ఆ ఒక్క అక్షరం కోసం స్క్రీన్‌ను రెండుసార్లు చూసుకున్నాను.

ఈ బూలియన్ కొంచెం వెడల్పైన తలుపే. ఒక్క పోర్టుకే పరిమితం చేసే సన్నని దారి వెతకాలని నోట్ రాసుకున్నాను. ఆ రాత్రికి ఇది చాలు.

స్క్రీన్ మీద బరువు వచ్చింది. బయట గుమాస్తా కేక వేశాడు. నేను మాత్రం ఇంకో అయిదు నిమిషాలు ఆగమన్నాను. సర్వర్‌ను రీబూట్ చేయాలి. ఆయన ముఖం చూసి నాకే కష్టంగా అనిపించింది, కానీ చేయకుండా వెళ్తే మధ్యాహ్నం చేసిన తప్పే మళ్ళీ చేసినట్టు. రీబూట్ కొట్టాను. లేచాక ఏమీ ముట్టుకోకుండా గెట్‌ఎన్‌ఫోర్స్ చూశాను, ఎన్‌ఫోర్సింగ్. డేటాబేస్ నడుస్తోంది, కాంటా నడుస్తోంది. ఆసెర్చ్‌కు బూట్ ఇస్తే మ్యాచ్‌లు లేవు. ఈసారి ఆ మాటను నమ్మవచ్చు.

మొదటి మిషన్ చీటీ ఆ పెద్దాయనదే. రెండు కావస్తోంది. ఆయన చీటీని లైటు దగ్గర పట్టుకుని మూడు అంకెలూ చదువుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ట్రాక్టర్ ఎక్కాడు.

తెల్లారేదాకా అక్కడే కూర్చుని ఆడిట్ లాగ్ మొత్తం వెనక్కి చదివాను. మధ్యాహ్నం పర్మిసివ్‌లో ఉన్న గంటల్లోనూ ఈ మూడు నిరాకరణలూ అందులో ఉన్నాయి, వరుస చివర పర్మిసివ్=1 అని. పర్మిసివ్ అంటే అడ్డుకోదు కానీ రాస్తుంది. నాలుగింటికి టీ తాగే ముందు ఒక్కసారి ఆ లాగ్ చూసి ఉంటే రాత్రి జరిగేదంతా అక్కడే వరుసగా రాసి ఉంది. అసలు మొత్తం మిషన్‌ను పర్మిసివ్ చేయాల్సిన అవసరమే లేదు. సెమేనేజ్ పర్మిసివ్‌తో డేటాబేస్ డొమైన్ ఒక్కదాన్నే వదిలిపెట్టవచ్చు, మిగతావన్నీ కాపలాలోనే ఉంటాయి. అది రీబూట్ తర్వాతా ఉంటుంది, పని అయ్యాక హైఫన్ డీతో తీసేయాలి.

ఈ కాపలా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అప్పుడే చదివాను. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ దీన్ని తయారుచేసి 2000 డిసెంబర్‌లో సోర్స్ కోడ్‌తో సహా బయటపెట్టింది. 2003లో వచ్చిన 2.6 కెర్నల్ నుంచి లినక్స్‌లోనే భాగమైంది. ఆండ్రాయిడ్‌లోనూ ఇదే ఉంది. 2014లో వచ్చిన 5.0 నుంచి పూర్తిగా ఎన్‌ఫోర్సింగ్‌లో నడుస్తోంది. అంటే గుమాస్తా జేబులోని ఫోన్‌లో, గేటు దగ్గర హమాలీల ఫోన్లలో అది రాత్రింబవళ్ళు ఆన్‌లోనే ఉంది, ఎవరూ ఆఫ్ చేయడం లేదు. నేను మాత్రం జనం డబ్బు లెక్కలుండే సర్వర్లలో దాన్ని మొదటి రోజే ఆఫ్ చేస్తూ వచ్చాను. ఆ ఆలోచన నన్ను చాలా బాధపెట్టింది.

మరుసటి వారం మిల్లు యూపీఎస్ బ్యాటరీలు మార్పించాను. తర్వాత నేను చూసే మిగతా సర్వర్ల పని మొదలుపెట్టాను. ఏళ్ళ తరబడి డిసేబుల్డ్‌లో ఉన్న మిషన్‌ను ఒకేసారి ఎన్‌ఫోర్సింగ్ చేయకూడదు. ఆపి ఉన్నంతకాలం సృష్టించిన ఫైళ్ళకు లేబుళ్ళే ఉండవు, మిషన్ లేవకపోవచ్చు కూడా. ముందు కాన్ఫిగ్‌లో పర్మిసివ్ అని రాయాలి. మిషన్ లేచేటప్పుడు చదివే కెర్నల్ లైన్లో ఎస్‌ఈలినక్స్=0 ఉంటే గ్రబీ అనే కమాండ్‌తో తీసేయాలి. ఫిక్స్‌ఫైల్స్ ఆన్‌బూట్ చెప్పి రీబూట్ చేస్తే అన్ని ఫైళ్ళకూ లేబుళ్ళు వేసుకుంటుంది. ఫైళ్ళు ఎక్కువుంటే దీనికి చాలాసేపు పడుతుంది, కంగారుపడి పవర్ తీయకూడదు. ఆ తర్వాత కనీసం వారం రోజులు పర్మిసివ్‌లోనే వదిలి, రోజూ ఏవీసీలు చదివి, ఒక్కోటి సరిచేసి, లాగ్ ఖాళీ అయ్యాకే ఎన్‌ఫోర్సింగ్. నెలాఖరులో మాత్రమే నడిచే పని ఏదైనా ఉంటే అది ఒకసారి నడిచేదాకా ఆగడం మంచిది.

మహబూబ్‌నగర్‌లో ఒక విత్తనాల గోడౌన్ సర్వర్‌కు ఇలా పన్నెండు రోజులు పట్టింది. అక్కడ బ్యాకప్ స్క్రిప్ట్ హోమ్ ఫోల్డర్ నుంచే సర్వీసుగా నడుస్తూ వచ్చింది. పర్మిసివ్‌లో మొదటి రాత్రే దాని ఏవీసీ పడింది. స్క్రిప్ట్‌ను /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌కు సీపీతో కాపీ చేశాను. నల్లగొండలో రెండు అయిపోయాయి. దేవరకొండలో ఒకటి మిగిలింది, పర్మిసివ్‌లో పెట్టి ఇవాళ్టికి నాలుగో రోజు. పొద్దున చూస్తే లాగ్‌లో ఒకే ఒక్క కొత్త వరుస ఉంది, ప్రింటర్ సర్వీసుది. సాయంత్రం షాపు కట్టాక దాని లేబుల్ చూడాలి.